కనుబొమల టాటూ: సూది పడకముందే తేల్చుకోవాల్సిన సంగతులు

రోజూ పెన్సిలుతో దిద్దుకుని విసిగిపోయినవాళ్లకు, జబ్బు వల్లనో మందుల వల్లనో కనుబొమలు రాలిపోయినవాళ్లకు ఈ టాటూ నిజంగా ఊరటనిస్తుంది. చిక్కల్లా మనం నిర్ణయం తీసుకునే తీరులో ఉంది. ఫోనులో ఫోటోలు చూసి మనసు పారేసుకుంటాం. వాటిలో చాలా భాగం పని ముగిసిన కొద్ది నిమిషాలకే తీసినవి. రంగు నిండుగా, గీతలు పదునుగా కనిపిస్తాయి. ఆ రూపం వారం కూడా నిలవదు. మీతో ఉండేది మానిన తర్వాతి కనుబొమ, ఆపైన ఏడాదికి వెలిసిన కనుబొమ. అందుకే కింద చెప్పే ప్రతి మెట్టు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఏడాది తర్వాత ఇది ఎలా ఉంటుంది?

చర్మంలో జరిగేది ఇదీ

పద్ధతి పేరు ఏదైనా పని ఒకటే, సూదితో చర్మంలోకి రంగు దించడం. చర్మపు పైపొర దాదాపు నెలకోసారి కొత్తదవుతూ పాత కణాలను రాల్చేస్తుంది. రంగు అక్కడే ఆగిపోతే ఆ పొట్టుతో పాటే పోతుంది. కాబట్టి దాని కిందనున్న డెర్మిస్ పొర పైభాగానికి చేరాలి. ఇంకా లోతుకు పోతే గీతలు అలుక్కుపోతాయి, గోధుమ రంగు కాస్తా బూడిద నీలంగా కనిపిస్తుంది, మచ్చ కూడా మిగలవచ్చు. పైపైన ఆగడానికీ, లోతుకు దిగడానికీ మధ్య తేడా మిల్లీమీటరులో చిన్న భాగమే. చేసేవారి నైపుణ్యమంతా ఆ కాస్త దూరంలోనే తేలిపోతుంది.

అలా చేరిన రంగు రేణువులను రోగనిరోధక కణాలు మింగి పట్టుకుంటాయి. కొన్ని క్రమంగా శరీరంలోకి కొట్టుకుపోతాయి, కొన్ని ఎండకు విరిగిపోతాయి. అందుకే ఏడాది నుంచి మూడేళ్లలో టాటూ వెలుస్తుంది. అయితే పూర్తిగా మాయమవుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. కొందరిలో లేత నీడ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నచ్చకపోతే రెండేళ్లలో అదే పోతుందిలే అన్న ధీమాతో మాత్రం కుర్చీలో కూర్చోవద్దు.

1. మీరు చేయించుకోవచ్చా?

ఎవరి దగ్గర చేయించుకోవాలన్న ప్రశ్న తర్వాతది. ముందు ఇది తేలాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవడం మంచిది. ఇన్ఫెక్షన్ వస్తే ఆ సమయంలో వాడగలిగే మందులు తక్కువ. పైగా గర్భంతో ఉన్నప్పుడు ముఖంపై చర్మపు రంగు కూడా మారుతూ ఉంటుంది. చిన్న గాయమైనా గడ్డలా ఉబ్బి హద్దు దాటి పెరిగే కీలాయిడ్ స్వభావం ఉన్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు. ఆ స్వభావం ఉందో లేదో తెలియకపోతే చెవులు కుట్టించుకున్న చోట, పాత కుట్లు పడిన చోట తడిమి చూసుకోండి.

సోరియాసిస్, బొల్లి, లైకెన్ ప్లానస్ (దురద పెట్టే ఒక చర్మవ్యాధి) ఉన్నవాళ్లలో గాయమైన చోటే కొత్త మచ్చ పుట్టే అవకాశం ఉంది. వైద్యులు దీన్ని కోబ్నర్ లక్షణం అంటారు. సూదులు చేసేదీ గాయమే కాబట్టి చర్మవ్యాధి నిపుణులను అడగకుండా ముందుకు వెళ్లవద్దు. అదుపులో లేని మధుమేహం, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, జరుగుతున్న కీమోథెరపీ ఉన్నా ఇదే మాట. కీమో మొదలయ్యేలోగా చేయించుకోవాలని కొందరు అనుకుంటారు. ఆలోచన మంచిదే, కానీ పూర్తిగా మానడానికి తగిన వ్యవధి ఉందో లేదో క్యాన్సర్ వైద్యులే చెప్పాలి.

రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారికి రక్తం ఎక్కువగా ఊరి, వేసిన రంగును బయటికి నెట్టేస్తుంది. అలాగని ఆ మాత్రలు నాలుగు రోజులు ఆపి రమ్మని టాటూ వేసేవారు సలహా ఇస్తే, వెంటనే లేచి వచ్చేయండి. ఆ మాట చెప్పే అధికారం మీ వైద్యులకు తప్ప ఎవరికీ లేదు.

మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడినవారు, అవి ఆపాక సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఆగాలంటారు. మీ విషయంలో ఎంతకాలమో మందు రాసిన వైద్యులను అడగండి. ముడతలు తగ్గించే బొటాక్స్ ఇంజెక్షన్ చేయించుకుంటే కనీసం రెండు వారాలు ఆగండి, ఎందుకంటే దాని ప్రభావం స్థిరపడేలోగా కనుబొమ ఎత్తు మారవచ్చు. కనుబొమ మీద పుట్టుమచ్చ ఉంటే దాని మీదుగా రంగు వేయించవద్దు. రేపు అది ఆకారమో రంగో మార్చుకుంటే టాటూ ఆ మార్పును కప్పేస్తుంది.

మరొకటి, చాలామంది దాటేసే సంగతి. కనుబొమలు ఈ మధ్యే రాలడం మొదలైతే ముందు కారణం తెలుసుకోండి. బయటి మూడో వంతు పలుచబడటం థైరాయిడ్ లోపంలో కనిపించే లక్షణాల్లో ఒకటి. జుట్టు పేలికలుగా ఊడిపోయే అలోపేషియా ఏరియేటా వల్లా కనుబొమలు రాలతాయి. నుదుటి మీది జుట్టు అంచు వెనక్కి జరుగుతూ కనుబొమలు కూడా పోతుంటే అది మచ్చ మిగిల్చే రకం జుట్టురాలడం కావచ్చు. వైద్యం అందాల్సిన దశలో టాటూతో కప్పిపుచ్చుకుంటే పోయిన వెంట్రుకలు తిరిగి రాకపోవచ్చు.

2. మీ చర్మానికి ఏ పద్ధతి?

మైక్రోబ్లేడింగ్‌లో వరుసగా పేర్చిన సన్నని సూదుల పనిముట్టును చేత్తో పట్టుకుని వెంట్రుకల్లాంటి గీతలు గీస్తారు. నానో బ్రోస్‌లో అలాంటి గీతలనే యంత్రం మీద సన్నని సూదితో వేస్తారు. పౌడర్ బ్రోస్‌లో యంత్రంతో చిన్న చిన్న చుక్కలు పెట్టుకుంటూ పోతే పొడి అద్దినట్టుగా నీడ వస్తుంది. ముందు భాగంలో గీతలు, తోక వైపు నీడ కలిపితే కాంబో బ్రోస్.

ఎక్కువమంది అడిగేది మైక్రోబ్లేడింగ్, ఎక్కువమంది తర్వాత నొచ్చుకునేదీ అదే అని నా అభిప్రాయం. జిడ్డు చర్మం, పెద్ద రంధ్రాలు ఉన్నవారిలో ఆ సన్నని గీతలు పలుచని కాగితం మీద సిరాలా అలుక్కుని ఒకదాంతో ఒకటి కలిసిపోతాయి. వయసుతో పలుచబడిన చర్మంలో రక్తం త్వరగా ఊరి గీత నిలవదు. పైగా రంగును మళ్లీ దిద్దే ప్రతి టచప్‌లో అదే చోట కోతలు పడుతుంటే మచ్చ కట్టవచ్చు. పొడి నుంచి సాధారణ చర్మం ఉండి, సొంత వెంట్రుకలు కొంతైనా ఉంటే గీతలు బాగా అతుకుతాయి. మిగిలినవారిలో చాలామందికి పౌడర్ బ్రోస్ ఎక్కువ కాలం చక్కగా ఉంటుంది. మైక్రోబ్లేడింగ్ సుమారు ఏడాది నుంచి ఏడాదిన్నర, పౌడర్ రెండు మూడేళ్లు నిలవడం మామూలు.

అసలు వెంట్రుకలే లేనివారికి గీతలు మాత్రమే వేస్తే చదునుగా, బొమ్మ గీసినట్టు కనిపించవచ్చు. గీతలకు లేత నీడ కలిపితే కొంత నయం.

3. చేసేవారిని ఎంచుకోవడం

ఎక్కువ సమయం ఇక్కడే వెచ్చించండి. గోడ మీది సర్టిఫికెట్ ఎన్ని రోజుల శిక్షణకు ఇచ్చారో అడగండి. రెండు మూడు రోజుల శిక్షణతోనూ అందమైన సర్టిఫికెట్ వస్తుంది.

ఫోటోలు అడగాల్సిన తీరు వేరు. చేసిన రోజువి పక్కన పెట్టి, ఆరు వారాల తర్వాతవి, ఏడాది దాటినవి చూపించమనండి. అందులోనూ మీ చర్మపు రంగు, మీ చర్మపు జిడ్డుతనం ఉన్నవారివి కావాలి. చాయ తక్కువున్న చర్మానికి రంగు ఎంచడంలోనూ, గాయం తర్వాత నల్లమచ్చ పడే అవకాశాన్ని అంచనా వేయడంలోనూ అనుభవం వేరుగా ఉండాలి. పాత ఫోటోలు చూపించడానికి తడబడేవారి దగ్గర, కొత్త ఫోటోలు ఎన్ని వందలున్నా లాభం లేదు.

శుభ్రత విషయంలో మొహమాటం పనికిరాదు. సూది లేదా బ్లేడు ప్యాకెట్ మీ కళ్లెదుటే విప్పాలి, దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. రంగు పోసే గిన్నె ఒక్కసారి వాడి పారేసేది కావాలి. మిగిలిన రంగును సీసాలో తిరిగి పోస్తే అది మీకు వాడక ముందు కూడా అలాగే జరిగిందన్నమాట. చేతి తొడుగులతో ఫోను ముట్టుకుని మళ్లీ మీ ముఖం ముట్టుకుంటున్నారేమో గమనించండి. వాడిన సూదులు వేయడానికి గట్టి డబ్బా ఉండాలి. ఇవన్నీ చాదస్తం అనిపిస్తే ఒక్కటి గుర్తుంచుకోండి, హెపటైటిస్ బి, సి వైరస్‌లు రక్తం అంటిన సూదితో వ్యాపిస్తాయి.

రంగును పలుచన చేయడానికి కుళాయి నీళ్లు కలిపితే అది సరాసరి ప్రమాదం. కుళాయి నీటిలో క్షయ క్రిమి కుటుంబానికి చెందిన కొన్ని సూక్ష్మజీవులు ఉండవచ్చు. తాగితే చాలామందికి ఏమీ చేయవు గానీ చర్మంలోకి ఎక్కితే మొండి పుండ్లు చేస్తాయి. 2009లో స్విట్జర్లాండ్‌లో ఒకే వ్యక్తి దగ్గర కనుబొమలు వేయించుకున్న 12 మందికి మైకోబ్యాక్టీరియం హీమోఫిలమ్ సోకి, కనుబొమ మీద పుండుతో పాటు మెడలో గ్రంథులు వాచాయి. వారిలో ఎక్కువమందికి శస్త్రచికిత్స కూడా అవసరమైంది.

సంప్రదింపుల రోజున మీ ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా తేదీ ఖాయం చేసేవారిని వదిలేయండి. మీకిది తగదు అని ఎవరైనా వెనక్కి పంపిస్తే నొచ్చుకోకండి. అలా చెప్పగలిగినవారి దగ్గరే రేపు చేయించుకోవడం క్షేమం.

4. రంగులో ఏముంది?

కనుబొమల గోధుమ రంగు సాధారణంగా మిశ్రమం. ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్‌లు కలిపి చేసేవి ఒక రకం. కార్బన్ నలుపు, సేంద్రియ రసాయన రంగులు కలిపి చేసేవి మరో రకం. రెండూ కలిసినవీ ఉన్నాయి. ఈ రేణువులన్నీ ఒకే వేగంతో వెలవవు, ఏడాది తర్వాత వచ్చే వింత రంగులకు మూలం అదే. ఐరన్ ఆక్సైడ్ మిశ్రమంలో ఎరుపు మిగిలి కనుబొమ ఇటుక రంగుకు తిరుగుతుంది. కార్బన్ మిగిలితే బూడిద నీలం ఛాయ వస్తుంది, లోతుగా పడితే మరీను. చర్మం కింది ఛాయను చూసి ఏ వైపుకు తిరుగుతుందో ముందే లెక్కగట్టి రంగు కలపడం తెలిసినవారికే సాధ్యం. కాబట్టి ఏ రంగు బాగుంటుందని అడిగే బదులు, ఇది వెలిస్తే ఏ ఛాయకు తిరుగుతుందని అడగండి.

మొదటిసారి మీరనుకున్న దానికంటే ఒక మెట్టు లేతగా, సన్నగా వేయించుకోండి. టచప్‌లో ముదురు చేయడం తేలిక, ముదురును లేత చేయడం చాలా కష్టం. ఈ ఏటి ఫ్యాషన్ ఆకారం జోలికీ పోవద్దు.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చర్మంలోకి ఎక్కించడానికి ఇంతవరకు ఏ రంగునూ ఆమోదించలేదు. ఐరోపా సమాఖ్య 2022 జనవరి నుంచి టాటూ రంగుల్లో సుమారు 4,000 రసాయనాలపై ఆంక్షలు పెట్టింది. సీసా మీద తయారీదారు పేరు, పదార్థాల జాబితా, బ్యాచ్ నంబరు లేకపోతే ఆ రంగు మీ ముఖానికి వద్దు.

5. ముందు వారాలు

చెవి వెనుక ప్యాచ్ టెస్ట్, అంటే కొద్దిగా రాసి అలర్జీ వస్తుందో చూసే పరీక్ష, చేయించుకోండి. రంగుకే కాదు, మత్తు క్రీముకూ చేయించాలి. ఏమీ కాలేదంటే పూర్తి భరోసా అని కాదు, టాటూ రంగుకు అలర్జీ నెలలు, ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. అయినా వెంటనే వచ్చేదాన్నైనా ఇది పట్టిస్తుంది.

రెటినాల్, గ్లైకోలిక్ ఆమ్లం వంటి చర్మాన్ని ఒలిచే క్రీములు మూడు నాలుగు వారాల ముందే ఆపండి. రసాయనంతో చర్మపు పైపొర ఒలిచే కెమికల్ పీల్ చేయించుకున్నా అంతే వ్యవధి ఇవ్వండి. ఎండకు కమిలిన చర్మంతో వెళ్లవద్దు. థ్రెడింగ్, వాక్సింగ్ చివరి కొద్ది రోజుల్లో వద్దు, ఆకారం కొలవడానికి సొంత వెంట్రుకలు ఉండటమే మంచిది. ముందు రోజు మద్యం, ఆ రోజు కాఫీ మానండి. పాత టాటూ ఏదైనా ఉంటే, ఎంత వెలిసినా సరే, ముందే చెప్పాలి. దాని మీద కొత్త రంగు వేసే లెక్క పూర్తిగా వేరు.

ముఖ్యమైన వేడుకకు వారం ముందు చేయించుకునే ఆలోచన ఉంటే మానుకోండి. మూడు నాలుగు నెలల ముందు మొదలుపెడితేనే టచప్ కూడా ముగిసి కుదురుకుంటుంది.

6. ఆ రోజు

మొత్తం రెండు మూడు గంటల పని. అందులో గణనీయమైన భాగం ఆకారం గీయడానికే పోవాలి. ముక్కు, కనుపాప, కంటి చివర ఆధారంగా మొదలు, వంపు, తోక గుర్తించి, రంగు పూసిన దారంతో గీతలు కొడతారు. ఈ గీతను మీరు నిటారుగా కూర్చుని, ముఖం సడలించి అద్దంలో చూడాలి. పడుకున్నప్పుడు చర్మం వెనక్కి జారి లెక్క మారుతుంది. నవ్వి చూడండి, నుదురు ముడిచి చూడండి. ఎవరి ముఖమూ రెండు వైపులా ఒకేలా ఉండదు, కనుబొమను ఎత్తే కండరం ఒక వైపు కాస్త బలంగా లాగుతుంది. కొలతల్లో అచ్చం ఒకేలా గీసిన కనుబొమలు కదిలే ముఖం మీద వంకరగా కనిపించేది అందుకే. ఈ దశలో పదిసార్లు మార్పించినా తప్పు లేదు. తొందరపెట్టేవారుంటే అక్కడే ఆపేయండి, గీత చెరిపేస్తే పోతుంది.

మత్తు క్రీములో సాధారణంగా లిడోకెయిన్ ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మే వాటిలో 4 శాతానికి మించి లిడోకెయిన్ ఉంటే చర్మానికి రాయవద్దని ఎఫ్‌డీఏ 2024లో హెచ్చరించింది. టాటూలు, మైక్రోబ్లేడింగ్ కోసమని అమ్ముడవుతున్న క్రీములే ఆ హెచ్చరికకు కారణం. మోతాదు మించితే గుండె లయ తప్పడం, మూర్ఛ వంటివి రావచ్చు. నొప్పి తగ్గలేదని క్రీము మీద క్రీము రాయించుకోకండి. గీరినట్టుండే నొప్పి కాస్త ఉంటుంది, చాలామంది తట్టుకోగలరు.

7. మానే వారాలు

మొదటి రెండు మూడు రోజులు కనుబొమలు అనుకున్నదానికంటే ముదురుగా, వెడల్పుగా కనిపిస్తాయి. కంగారు సహజం. ఐదో రోజు నుంచి పొట్టు లేస్తుంది. ఆ పొట్టును గోటితో పీకితే రంగు కూడా దాంతో వచ్చేసి, అక్కడ ఖాళీ మచ్చ పడుతుంది. పదో రోజు ప్రాంతంలో రంగంతా పోయినట్టు కనిపించే దశ వస్తుంది, మోసపోయామనుకుని ఫోన్లు చేసేది అప్పుడే. కొత్త పొర మసకగా కప్పడం వల్ల అలా ఉంటుంది. నాలుగు నుంచి ఆరు వారాల్లో రంగు మళ్లీ పైకి తేలుతుంది. అప్పటిదాకా తీర్పు చెప్పకండి.

శుభ్రమైన చేతులతో, చేసినవారు చెప్పిన పద్ధతిలో మాత్రమే తుడవండి. ఇచ్చిన లేపనం పలుచగా రాయాలి, మందంగా రాస్తే చర్మం నాని రంగు ఊడుతుంది. పది రోజుల పాటు ఈత, ఆవిరి స్నానం, చెమట పట్టే వ్యాయామం, కనుబొమల మీద మేకప్ వద్దు. పడుకునేటప్పుడు ముఖం దిండుకు ఆనకుండా చూసుకోండి. ఎండ నుంచి టోపీతో కాపాడుకోవాలి, సన్‌స్క్రీన్ మాత్రం గాయం పూర్తిగా మానాకే రాయాలి.

మొదటి రోజుల్లో కాస్త ఎరుపు, వాపు మామూలే. అవి తగ్గే బదులు పెరుగుతుంటే, చీము, వేడి, జ్వరం ఉంటే వైద్యుల దగ్గరకు వెళ్లండి. ఇంట్లో ఉన్న ఏదో ఒక లేపనంతో సర్దుకోవద్దు. వారాల తర్వాత గడ్డలు తేలినా, చెవి ముందో మెడలోనో గ్రంథి వాచినా, టాటూ చేయించుకున్న సంగతి చర్మవ్యాధి నిపుణులకు చెప్పి చూపించండి. ఎందుకంటే సాధారణ యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవి అయ్యుండవచ్చు.

8. టచప్, ఆ తర్వాతి ఏళ్లు

ఆరు నుంచి ఎనిమిది వారాలకు జరిగే టచప్ అసలు పనిలో భాగమే. ధర మాట్లాడేటప్పుడే అది కలిసిందో లేదో తేల్చుకోండి. ఆ తర్వాత ఏడాదికో రెండేళ్లకో రంగు తాజా చేయించమంటారు. గడువు వచ్చిందని కాదు, నిజంగా వెలిస్తేనే వెళ్లండి. కాస్త రంగు ఉండగానే మళ్లీ మళ్లీ వేయిస్తే పొర మీద పొర పేరుకుని, చివరికి దట్టమైన పట్టీలా మారుతుంది. సన్‌స్క్రీన్ రోజూ వాడితే రంగు ఎక్కువ కాలం ఉంటుంది. రెటినాల్ మళ్లీ మొదలుపెట్టినా కనుబొమలకు దూరంగా రాయండి.

9. నచ్చకపోతే

ఆకారం తప్పిందని మరుసటి వారమే ఇంకొకరి దగ్గర దిద్దించుకోవద్దు. ముందు పూర్తిగా మాననివ్వండి. తర్వాత రెండు దారులు. మొదటిది ఉప్పు ద్రావణం. దాన్ని సూదులతో చర్మంలోకి పంపి, రంగు కొంత బయటికి వచ్చేలా చేస్తారు. విడతల మధ్య వారాల విరామం ఇస్తూ చాలాసార్లు చేయాలి. రెండోది లేజర్, దీన్ని చర్మవ్యాధి నిపుణుల దగ్గర చేయించుకోవాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ఐరన్ ఆక్సైడ్, లేత ఛాయ కోసం కలిపే టైటానియం డయాక్సైడ్ లేజర్ తగలగానే నల్లబడవచ్చు. అందుకే ముందు కనిపించని చోట చిన్న చుక్క మీద పరీక్ష చేయమని అడగండి. చర్మం ఛాయలో ఉండే రంగుతో తప్పును కప్పేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ రంగులో ఉండేది ఎక్కువగా టైటానియం డయాక్సైడే, రేపు లేజర్‌కూ అడ్డుపడుతుంది.

అందుకే పని జరిగిన రోజే వాడిన రంగు పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు, తేదీ రాయించుకుని ఫోటో తీసి దాచుకోండి. అలర్జీ వచ్చినా, లేజర్ చేయించాల్సి వచ్చినా వైద్యులు మొదట అడిగేది అదే. ఎమ్మారై స్కాన్‌కు వెళ్లినప్పుడు కూడా కనుబొమల టాటూ ఉందని సిబ్బందికి చెప్పాలి. ఐరన్ ఆక్సైడ్ వల్ల అరుదుగా ఆ చోట చురుక్కుమనడం, వాపు రావడం ఉంటాయి, ఆ భయంతో అవసరమైన స్కాన్ మాత్రం మానుకోవద్దు. రక్తదానం చేసే అలవాటు ఉంటే టాటూ తర్వాత ఎన్ని నెలలు ఆగాలో రక్తనిధి కేంద్రంలో ముందే కనుక్కోండి.